ఇరవై అయిదు మార్కుల కొబ్బరిచెట్టు

గోగులంక ఏరియా ఆసుపత్రి ల్యాబులో ఏది ప్రమాదమో ఆ ల్యాబు పెద్ద డాక్టర్ శేషారత్నానికి చాలా ఏళ్ళుగా తెలుసు. రక్తాన్ని గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజు మిషనుకి మూత సరిగ్గా పడదు. గాజుగుడ్డతో కట్టి తిప్పుతారు. వాడిన సూదులు వేసే డబ్బా ఎప్పుడో నిండిపోయి, సూదులు పక్కనున్న అట్టపెట్టెలోకి కాపురం మార్చాయి. సింకు కింద కారే నీళ్ళకి ఒక బకెట్టు పెట్టారు. అది నిండిన రోజు ఎవరో ఒకరు జారి పడతారు. ఇవన్నీ ఆవిడ ఏటా పై అధికారులకి రాసేది. వాళ్ళు ఏటా "పరిశీలనలో ఉన్నది" అని జవాబిచ్చేవారు. ఇంతకాలం విసుగు లేకుండా ఒకే విషయాన్ని పరిశీలించగల మనుషులంటే ఆవిడకి లోలోపల కొంత గౌరవం కూడా ఏర్పడింది.

ఇలా ఉండగా, ఆసుపత్రి స్టోర్సు చూసే చక్రపాణి నగరానికి వెళ్ళి, ఏసీ హాల్లో కూర్చుని, "ప్రయోగశాలల్లో ప్రమాద నిర్వహణ" అనే విద్య నేర్చుకుని వచ్చాడు. వెళ్ళేటప్పుడు దూదీ ఫినాయిలూ లెక్కపెట్టుకునే మామూలు మనిషి. తిరిగొచ్చేటప్పటికి మెళ్ళో నీలం రిబ్బనూ, రిబ్బనుకి వేలాడే కార్డూ, కార్డు మీద "సేఫ్టీ ఆఫీసరు" అన్న మాటా ఉన్నాయి. నడక కూడా మారింది. ఇదివరకు వరండాలో గబగబా పోయేవాడు, ఇప్పుడు అడుగు వేసే ముందు నేలని అనుమానంగా చూస్తున్నాడు.

సూపరింటెండెంటు డాక్టర్ గోవర్ధనరావు అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని శేషారత్నాన్ని పిలిపించాడు. ఆయనకి రిటైర్మెంటు దగ్గరపడింది. ఈలోగా ఆసుపత్రిలో ఏదీ జరగకుండా ఉంటే చాలన్నది ఆయన జీవితాశయం. వైద్యం కూడా జరగకపోయినా ఆయనకి పెద్దగా అభ్యంతరం ఉండేది కాదు.

"మేడమ్, ప్రమాదం కంటికి కనపడదు," అన్నాడు చక్రపాణి. "స్కోరుకి మాత్రమే కనపడుతుంది. తీవ్రతకి అయిదు మార్కులు, జరిగే అవకాశానికి అయిదు మార్కులు. రెండూ హెచ్చవేయాలి. పదిహేను దాటితే ఎరుపు. ఎరుపు పడిన విభాగాన్ని, ఎరుపు తొలగేవరకు మూసివేయవలెను. ఇది నా మాట కాదు, మార్గదర్శకాల మాట."

శేషారత్నానికి నిజంగానే ప్రాణం లేచివచ్చింది. ఇన్నాళ్ళకి సెంట్రిఫ్యూజుకి మూతొస్తుందనుకుంది. అతన్ని స్వయంగా వెంటబెట్టుకుని ల్యాబంతా తిప్పింది. టెక్నీషియన్ కృపావరం ముందు నడిచి, ఒక్కో లోపాన్నీ పెళ్ళివారికి కొత్తింటి గదులు చూపించినంత ఉత్సాహంగా చూపించాడు.

సూదుల దగ్గర చక్రపాణి ఆగాడు. "సూది గుచ్చుకున్న సంఘటనలు ఎన్ని నమోదయ్యాయి?"

కృపావరం ఎడమచేతి వేళ్ళు చాపాడు. "ఇదిగోండి, ఇక్కడోసారి, ఇక్కడోసారి. ఈ బొటనవేలికైతే లెక్కలేదండి."

"గుచ్చుకున్నాయా అని నేనడగలేదు. నమోదయ్యాయా అని అడిగాను."

"నమోదు చెయ్యడానికి పుస్తకం ఇవ్వలేదండి మరి."

"అంటే నమోదు కాలేదు. కాబట్టి అవకాశం సున్నా. తీవ్రత ఎంతైనా సున్నాతో హెచ్చవేస్తే సున్నాయే. ఆకుపచ్చ!" అని చక్రపాణి తన పలకలాంటి ట్యాబులో పచ్చగా ఒక గడి నింపాడు. సెంట్రిఫ్యూజు మూత గాజుగుడ్డతో కట్టి ఉంది కనుక "నియంత్రణలో ఉన్నది", ఆకుపచ్చ. బకెట్టు ఇంకా నిండలేదు కనుక ఆకుపచ్చ. కాసేపటికి ల్యాబు మొత్తం వరినారుమడిలా కళకళలాడింది.

అంతా అయిపోయి గుమ్మం బయటికి వచ్చాక చక్రపాణి తలెత్తి పైకి చూశాడు. ల్యాబు గుమ్మం పక్కనే ఒక కొబ్బరిచెట్టు ఉంది. కోనసీమలో కొబ్బరిచెట్టు లేని గుమ్మం వెతకాలంటే కష్టం, అందుకని ఇన్నేళ్ళుగా దాన్నెవరూ తలెత్తి చూడలేదు. కిందటేడు దాన్నుంచి ఒక ఎండుకాయ రాలి, సూపరింటెండెంటుగారి స్కూటరు సీటు చిరిగింది. ఆయన ఆ సీటు గురించి జిల్లా కార్యాలయం దాకా ఉత్తరాలు రాశాడు. ఆ సంగతి గుర్తుచేసుకునేసరికి చక్రపాణి కళ్ళు మెరిశాయి.

"నమోదైన సంఘటన!" అన్నాడు మెల్లగా, నిధి దొరికినవాడిలా. "సీటు స్థానంలో తల ఉండి ఉంటే మరణం. తీవ్రత అయిదు. చెట్టు మీద ఉన్న ప్రతి కాయా ఏదో ఒకనాడు కింద పడక తప్పదు. అవకాశం అయిదు. ఇరవై అయిదు! మేడమ్, మాకు శిక్షణలో ఇరవై అయిదు వచ్చే ప్రమాదం పుస్తకాల్లోనే ఉంటుందని చెప్పారు."

ఆ సాయంత్రమే ల్యాబుకి తాళం పడింది. తాళానికి అడ్డంగా ఎర్ర టేపు, పైన ఎర్ర బోర్డు. తాళంచెవిని చక్రపాణి తన నీలం రిబ్బనుకే కట్టుకున్నాడు. వార్డుల్లో సూదితో వేలు గుచ్చి షుగరు చూసే చిన్న మిషన్లని కూడా "సంచార ప్రయోగశాలలు"గా గుర్తించి, భద్రత కోసం పోగుచేసి ల్యాబులో పెట్టి మరీ తాళం వేశాడు.

మర్నాడు పొద్దున్నే శేషారత్నం వచ్చేటప్పటికి ఆ బోర్డు కింద చిట్టబ్బాయి కూర్చుని ఉన్నాడు. పేరు చిట్టబ్బాయే గాని నడివయసు దాటినవాడు. చుట్టుపక్కల తోటలన్నిటికీ చెట్లెక్కి కొబ్బరి దింపు తీసేది అతనే. ఆసుపత్రి చెట్లకీ అతనే. కుడికాలి బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. పక్కన అతని భార్య మరిడమ్మ, ఒళ్ళో టిఫిను క్యారేజీ పెట్టుకుని మూత తియ్యకుండా కాపలా కాస్తోంది.

"మేడమ్ గారండీ, రాత్రి నుంచీ ఏం ముట్టలేదండి. పరగడుపున షుగరు చూత్తే, ఆనక ఇంత తింటానండి. తలుపుకి ఈ ఎర్రదేంటండి?" అన్నాడు చిట్టబ్బాయి.

శేషారత్నం వంగి గుడ్డ విప్పి చూసింది. తాటిమట్ట పేడు గుచ్చుకుందట. పుండు వేలి చుట్టూ పాకి, అంచున నలుపు తిరుగుతోంది.

"సర్జనుగారు ఏమన్నారు?"

జవాబు మరిడమ్మ చెప్పింది. "ఈ వారంలో కోసి శుభ్రం చేసేత్తే వేలుంటాదన్నారండి. ఆలస్యమైతే వేలు తియ్యాలంట. ముందు షుగరూ, కిడ్నీదేదో ఇంకో పరీచ్చా, రక్తం గ్రూపూ కాయితం మీద రాసి తెమ్మన్నారండి. అది లేకపోతే మత్తు డాక్టరుగారు సూది పట్టుకోరంట."

"నాకు బొటనవేలే ఆధారమండి," అన్నాడు చిట్టబ్బాయి, దాచుకోవాల్సిన వస్తువేదో బయటపెట్టినట్టు సిగ్గుపడుతూ. "చెట్టుని పట్టేది దాంతోనే గదండి. చేతులు ఊరికే సాయం."

సర్జను భానుమూర్తి దగ్గరికి శేషారత్నమే వెళ్ళింది. ఆయన మంచివాడే గాని, రిపోర్టుల్లేకుండా బల్ల ఎక్కించలేనన్నాడు. "పెద్దాసుపత్రికి పంపుదామన్నా, పంపే కాగితానికి మన ల్యాబు రిపోర్టు జతచెయ్యాలి కదండీ. బయటి ల్యాబు కాగితం చెల్లదని చక్రపాణి నిన్ననే సర్క్యులరు తెచ్చాడు. బయటి ల్యాబులకి మనం స్కోరు వెయ్యలేదట." చిట్టబ్బాయి ఆ పూటకి క్యారేజీ తెరిచి తిన్నాడు. రేపు మళ్ళీ పరగడుపున రమ్మని అతనికి చెప్పినప్పుడు శేషారత్నం అతని మొహంలోకి చూడలేకపోయింది.

గోవర్ధనరావూ చక్రపాణీ ఇంకొందరూ కలిసి వేసుకున్న భద్రతా కమిటీ ఊరుకోలేదు. ఆ విషయంలో దాన్ని ఏమీ అనడానికి లేదు. అది రోజూ సమావేశమైంది. మొదట, కాయలు రాలినా తలలు పగలకుండా, ల్యాబుకి వచ్చే రోగులకి హెల్మెట్లు ఇద్దామని తీర్మానించారు. బజారు నుంచి హెల్మెట్లు వచ్చాయి. వరసలో నిలబడ్డ రోగులు వాటిని తలలకి పెట్టుకుని, బండ్లు లేని ట్రాఫిక్కులా ఎదురుచూశారు. తాళం తియ్యబోతూ చక్రపాణి ఆగిపోయాడు. ఒకరి తల మీది హెల్మెట్టు ఇంకొకరి తలకి పెడితే పేలూ చుండ్రూ సంక్రమించే అవకాశం ఎంత? అయిదు! కనుక ప్రతి హెల్మెట్టునీ క్రిమిరహితం చెయ్యాలన్నాడు. ఆపరేషను కత్తులు ఉడకబెట్టే ఆవిరి యంత్రంలో హెల్మెట్లన్నిటినీ ఒకేసారి పెట్టారు. తీసి చూస్తే అవి మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుని పెద్ద పనసకాయ ఆకారంలో ఉన్నాయి. క్రిమి ఒక్కటి కూడా మిగల్లేదని చక్రపాణి ధ్రువీకరించాడు.

చిట్టబ్బాయి ఆ రోజూ పరగడుపునే వచ్చి, మధ్యాహ్నానికి క్యారేజీ విప్పాడు. మరిడమ్మకి మాత్రం ఓపిక నశించింది.

"అయ్యా, చెట్టుమీంచి కాయలు పడతాయని గదా మీ భయం? కాయలు కోసేత్తే పోలా?" అంది నేరుగా కమిటీ గది గుమ్మంలో నిలబడి.

ఇంత సూటిమాట ఆ గదిలోకి ఇదివరకు ఎప్పుడూ రాలేదు. గోవర్ధనరావు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. శేషారత్నం ఆ సందు వదలకుండా, "ఈ రోజే దింపు తీయించండి సర్. తోటల్లో ఇంకో మనిషి దొరక్కపోడు," అంది.

"సంతోషం," అన్నాడు చక్రపాణి. "కాని మేడమ్, ఎత్తులో పనిచేసే వ్యక్తి కింద పడే ప్రమాదం ఉంది. తీవ్రత అయిదు, అవకాశం అయిదు. కనుక చెట్టెక్కే ప్రతి వ్యక్తికీ ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు ఉండవలెను. కళ్ళు తిరిగే జబ్బు ఉందో లేదో తేల్చడానికి షుగరూ, రక్తం శాతం పరీక్షించవలెను."

"ఎక్కడ పరీక్షించాలి?"

"మన ల్యాబులోనే."

"ల్యాబుకి తాళం ఉంది కదా!"

"ఉంది. కాయలు తీసిన వెంటనే తెరుస్తాం."

"పరీక్ష అయితేగాని కాయలు తియ్యకూడదు. కాయలు తీస్తేగాని పరీక్ష చెయ్యకూడదు. అంతేనా?"

"అంతే మేడమ్," అన్నాడు చక్రపాణి. అతని మొహంలో రవ్వంత కొంటెతనం లేదు. తన చేతుల మీదుగా రెండు నిబంధనలు ఇంత చక్కగా ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడ్డందుకు ఉప్పొంగిపోతున్నాడు. "ఎక్కడా లొసుగు లేదు. చూశారా?"

చెట్టునే కొట్టేద్దామని ఎవరో అన్నారు. కొబ్బరికాయల ఆదాయం ఆసుపత్రి అభివృద్ధి సంఘానిది, దాన్ని కొట్టాలంటే సంఘం తీర్మానం కావాలి, సంఘం అధ్యక్షులు తీర్థయాత్రలో ఉన్నారు. చెట్టు చుట్టూ వల కడదామని ఇంకొకరన్నారు. వల కట్టడానికి చెట్టెక్కాలి. ఆ మాటతో అందరూ టీ తాగారు.

శేషారత్నం బయటికి వచ్చి చక్రపాణిని వరండాలో పట్టుకుంది. ఇంట్లో పిల్లలు మొండికేసినప్పుడు కూడా ఆవిడ అంత బతిమాలి ఉండదు.

"చక్రపాణిగారూ, మనలో మన మాట. నాకా తాళంచెవి ఇవ్వండి. నేనూ కృపావరం వెళ్ళి ఒక్క మనిషి రక్తం చూసుకుని వచ్చేస్తాం. కాయ పడితే నా తల మీదే కదా పడేది?"

"మీ తల మీ సొంతం అనుకుంటున్నారు మేడమ్," అన్నాడు చక్రపాణి మృదువుగా. "పని వేళల్లో అది ప్రభుత్వ ఆస్తి."

ఆ రాత్రి ఆవిడకి అన్నం సయించలేదు. చదువుకున్న చదువంతా ఒక మనిషి రక్తంలో చక్కెర ఎంతుందో చూడ్డానికి కూడా పనికిరాకుండా పోయిందని కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో తేలక, చివరికి తన మీదే వచ్చింది. ఇన్నేళ్ళూ ఉత్తరాలు రాసి ఊరుకున్నది తనే కదా అనిపించింది.

మర్నాడు కమిటీ చెట్టునే చూస్తూ చర్చించాలని నిర్ణయించుకుని, ల్యాబు ఎదురు వరండాలో కుర్చీలు వేయించుకుంది. కాయ ఎంత దూరం దొర్లుతుందో తెలియదు కనుక కుర్చీలు గోడకి ఆనించి వేశారు. వాళ్ళు ముందురోజు తీర్మానాన్ని చదువుకుంటూండగా చిట్టబ్బాయి వచ్చాడు. ఈసారి చేతిలో క్యారేజీ లేదు. నడుముకి మోకు చుట్టుకుని, కత్తి దోపుకుని ఉన్నాడు. వాళ్ళకి ఒక దణ్ణం పెట్టి, వేలి గుడ్డ బిగించుకుని, చెట్టుని కావలించుకున్నాడు.

"ఎవరది? ఆపండి! సర్టిఫికెట్టు లేదు!" అని చక్రపాణి లేచాడు. లేచాడే గాని వరండా దిగలేదు. దిగితే కాయల కింద ఉంటాడు.

"రావయ్యా చిట్టబ్బాయ్, దిగు!" అని శేషారత్నం అరుస్తూ చెట్టు కిందికే పరిగెత్తింది. మరిడమ్మ అక్కడ చెట్టు మొదట్లో నిలబడి పైకి చూస్తోంది.

"వద్దంటే వింటేనా అండి. 'కాయల గొడవ నేనే తీర్చేత్తే, వాళ్ళే పరీచ్చ చేత్తారు గదే' అంటాడు."

చిట్టబ్బాయి కుడికాలి మడమ ఆనించి, ఎడమకాలితో ఎగబాకుతున్నాడు. కుడికాలు ఆనినప్పుడల్లా అతని ఒళ్ళు బిగుసుకోవడం కింద నుంచి కూడా కనపడుతోంది. సగం దూరంలో ఆగి, చెట్టుకి చెంప ఆనించి కాసేపు ఉండిపోయాడు. శేషారత్నం మరిడమ్మని చెట్టు కింద నుంచి పక్కకి లాగింది. మళ్ళీ కదిలాడు. పైకి చేరి గెలలు నరికాడు. కాయలు ధనధనా రాలుతుంటే కమిటీ మొత్తం కుర్చీల మీదికి కాళ్ళు ముడుచుకుంది. ఒక కాయ దొర్లుకుంటూ వచ్చి గోవర్ధనరావుగారి కుర్చీ దగ్గర ఆగింది. ఆయన దానివంక పాత స్నేహితుణ్ణి చూసినట్టు చూశాడు.

చిట్టబ్బాయి దిగి నేలమీద కూలబడ్డాడు. గుడ్డ తడిసి ఎర్రబారింది. "అయిపోయిందండి," అన్నాడు రొప్పుతూ. "ఒక్క కాయ లేదండి. ఇంక చూసెయ్యండి షుగరు."

చక్రపాణి అప్పుడు వరండా దిగాడు. అతనిలో కోపం పోయి ఏదో కొత్త వెలుగు వచ్చింది. ట్యాబు తీసి టకటకా నొక్కాడు.

"సర్, ఒక ముఖ్యమైన పరిణామం," అన్నాడు సూపరింటెండెంటుతో. "ఈ వ్యక్తి సదరు చెట్టుని సొంతంగా ఎక్కి, సొంతంగా దిగినాడు. అంటే కళ్ళు తిరిగే జబ్బు లేదు. కాలిలో లోపం లేదు. ఎత్తులో పనికి శారీరకంగా యోగ్యుడు. పరీక్ష లేకుండానే ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు జారీ చేయవచ్చు."

"అమ్మయ్య," అన్నాడు గోవర్ధనరావు.

"అంతేకాదు సర్. యోగ్యుడని మనమే ధ్రువీకరించాక, అదే కాలికి ఆపరేషను అవసరమని ఇంకో విభాగం అనడం పరస్పర విరుద్ధం. ఆ కేసు షీటు మూసివేయవచ్చు."

శేషారత్నానికి అంతదాకా మాట్లాడటమే తెలుసు. ఉత్తరాలు రాయడం, విన్నపాలు చెయ్యడం, "సర్" అనడం తెలుసు. ఇప్పుడు ఆవిడ ఒక్క అంగలో చక్రపాణి దగ్గరికి వెళ్ళి, మెళ్ళో నీలం రిబ్బను పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. కార్డూ తాళంచెవీ ఆవిడ చేతిలోకి వచ్చేశాయి. "మేడమ్, ఇది సంఘటన!" అని అతను కేకపెట్టాడు.

"నమోదు చేసుకో!" అని ఆవిడ ఇంకా గట్టిగా కేకేసింది. "కృపావరం! పట్టు ఆ చెయ్యి. ఎత్తు లోపలికి!"

ఎర్ర టేపు తెంచి, తలుపు తోసి, చిట్టబ్బాయిని స్టూలు మీద కూర్చోబెట్టారు. రక్తం తీశారు. సెంట్రిఫ్యూజు మూతకి గాజుగుడ్డ కట్టి తిప్పారు. ఆ హడావుడిలో కృపావరానికి సూది గుచ్చుకుంది. అది మాత్రం నమోదు కాలేదు. షుగరు చూస్తే మిషను కొలవగలిగిన హద్దుదాకా ఇంచుమించు వెళ్ళిపోయింది. శేషారత్నం రిపోర్టు పట్టుకుని తనే సర్జను గదికి పరిగెత్తింది. దారిలో చెప్పు తెగితే అక్కడే వదిలేసింది.

భానుమూర్తి ఆ మధ్యాహ్నమే మందులిచ్చి షుగరు దించి, మర్నాడు బల్ల ఎక్కించాడు. బయటికి వచ్చి మాస్కు తీశాడు.

"పాదం దక్కింది," అన్నాడు. "వేలు దక్కలేదండి. మొదటి రోజే నా దగ్గరికి రిపోర్టు వచ్చుంటే వేలూ ఉండేది."

శేషారత్నం వరండా బల్లమీద కూర్చుండిపోయింది. మరిడమ్మ వచ్చి ఆవిడ పక్కనే నేలమీద కూర్చుంది. ఏడుపు ఇద్దరికీ వచ్చింది. ఒకరిని చూసి ఒకరు ఆపుకుందామనుకున్నారు గాని ఇద్దరివల్లా కాలేదు.

ఆ తరవాత కొద్దిరోజులకి జిల్లా నుంచి పెద్ద అధికారి వచ్చాడు. ప్రమాదరహిత ప్రయోగశాలగా గోగులంక ఎంపికైందట. రిబ్బను గుంజిన విషయం మీద శేషారత్నానికి మెమో రావాల్సి ఉంది గాని, మెమో ఇస్తే సంఘటన జరిగినట్టు ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే ఎంపిక పోతుంది. కనుక ఆ రిబ్బను తనంతట తానే ఊడిపోయిందని తేల్చారు. చక్రపాణికి కొత్త రిబ్బను వచ్చింది, ఈసారి ఆకుపచ్చది.

షామియానా వేశారు. చెట్టు కాయలు స్వచ్ఛందంగా తీసి సహకరించిన పౌరుడిగా చిట్టబ్బాయిని కూడా పిలిచారు. చంక కర్ర ఊతంతో వచ్చి, భార్య పక్కన ముందు వరసలో కూర్చున్నాడు. శేషారత్నం కావాలని వెళ్ళి అతని పక్క కుర్చీలోనే కూర్చుంది.

"వేలు సంగతేంటి? అది ప్రమాదం కిందికి రాదా?" అని పెద్ద అధికారి వేదిక మీద చక్రపాణి చెవిలో మెల్లగా అడిగాడు. మైకు దగ్గరలో ఉండటంతో అందరికీ వినపడింది.

"రాదు సర్," అన్నాడు చక్రపాణి. "ఆ వేలు ఆపరేషను థియేటరులో పోయింది. అది శస్త్రచికిత్స విభాగం. మా పరిధిలో పోలేదు." తరవాత మైకు ముందుకి వచ్చి గొంతు సవరించుకున్నాడు. "సభకు నమస్కారం. ల్యాబు గుమ్మం వద్ద ప్రమాద స్కోరు ఇరవై అయిదు నుంచి సున్నాకి దిగినది. ఇంతటితో ఆగలేదు. సదరు చిట్టబ్బాయి వృత్తిరీత్యా చెట్ల మీంచి పడే ప్రమాదానికి కూడా పూర్వం ఇరవై అయిదు మార్కులే ఉండేవి. ప్రస్తుతం ఆయన చెట్టు ఎక్కజాలడు. కనుక పడజాలడు. అవకాశం సున్నా! ఒక సామాన్య పౌరుడికి జీవితాంతం వర్తించే సంపూర్ణ భద్రతను కల్పించిన తొలి ప్రయోగశాల మనదేనని సగర్వంగా మనవి చేస్తున్నాను."

చప్పట్లు మారుమోగాయి. పెద్ద అధికారి లేచి నిలబడి మరీ కొట్టాడు. గోవర్ధనరావు కళ్ళు చెమర్చాయి. చిట్టబ్బాయిని పైకి పిలిచి శాలువా కప్పి, చేతిలో ఒక హెల్మెట్టు పెట్టి ఫోటో తీశారు. అతను మెట్లు దిగివచ్చి, కర్ర పక్కన ఆనించి, శాలువా సర్దుకుని కూర్చున్నాడు.

"మేడమ్ గారండీ, నా పేరు చెప్పారు గదండి మైకులో. ఏంటన్నారండి? ఆ పెద్ద పెద్ద మాటలు నాకు తెలవలేదండి."

శేషారత్నం అతని వైపు వంగి చెప్పింది. "నువ్వింక ఎప్పుడూ చెట్టు మీంచి పడవట. నీకింక ఏ ప్రమాదమూ లేదట."

చిట్టబ్బాయి తల ఊపాడు. హెల్మెట్టుని ఒళ్ళో అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"మరి రేపట్నుంచి మేం తినేదేంటండి?"

"దానికి స్కోరు వెయ్యలేదు చిట్టబ్బాయ్."

"ఒకసారి వేయించండి మేడమ్ గారూ," అన్నాడు చిట్టబ్బాయి. "ఎర్రదొత్తే గాని వీళ్ళు దేన్నీ పట్టించుకోరు గదండి."